పరీక్ష ఎవరికి?

షాబాన్ నెల ప్రవేశించగానే దీనీ మదరసాలలో పరీక్షల సందడి మొదలవుతుంది. వార్షిక పరీక్షలు, ఆపై రమజాన్ సెలవులు, షవ్వాల్‌లో కొత్త విద్యాసంవత్సరం. ఇది తరతరాల ఆనవాయితీ. పెద్ద దారుల్ ఉలూమ్‌ల సంగతి వేరు. మన మొహల్లా మక్తబ్‌లలో మాత్రం పాఠం చెప్పిన ఉస్తాదే ప్రశ్నలడుగుతారు, ఆయనే మార్కులు వేస్తారు. తాము చెప్పినదాన్నే, చెప్పిన వరుసలోనే అడిగితే ఏ బిడ్డ తప్పుతాడు? మేమూ పాతికేళ్లకు పైగా అలాగే పరీక్షించి, అందరూ ఉత్తీర్ణులయ్యారని తల్లిదండ్రులకు సంతోషంగా చెబుతూ వచ్చాము.

మూడేళ్ల క్రితం మా పట్టణంలోని నాలుగు మక్తబ్‌ల బాధ్యులు ఉమ్మడి పరీక్ష నిర్వహించాలని నిర్ణయించారు. ఒకే ప్రశ్నపత్రం, ఒక మక్తబ్ పిల్లలను మరో మక్తబ్ ఉస్తాద్ పరీక్షించాలి. వయసులో పెద్దవారమని సమన్వయ బాధ్యత మాకు అప్పగించారు. తీరా కూర్చుంటే, ఒకచోట నూరానీ ఖాయిదా పూర్తయ్యాకే నాజిరా మొదలుపెడతారు, మరోచోట సగంలోనే అమ్మ పారా చేతికిస్తారు. రెండో తరగతి అనే మాటకు నాలుగుచోట్లా నాలుగు అర్థాలు. ముందు పాఠాలు కలవనిదే పరీక్ష కలవదని గ్రహించడానికే రెండు నెలలు పట్టింది.

మా తరగతికి పరీక్షకుడిగా వచ్చినవారు పాతికేళ్ల యువ హాఫిజ్. ఆయన సూరాను మొదటినుంచి వినలేదు. పేజీ మధ్యలో ఒక పదంపై వేలు పెట్టి, ఇక్కడినుంచి చదవమన్నారు. ఇరవై రెండుమందిలో చదవగలిగినవారు ఆరుగురే. మిగిలినవారు పై ఆయతు అందిస్తే గడగడా అప్పగించారు గాని, కళ్ల ముందున్న అక్షరాన్ని గుర్తించలేకపోయారు. వారి ఖుర్ఆన్ పారాయణం విని ఇన్నేళ్లూ మురిసిపోయిన మాకు ఆ మధ్యాహ్నం నోట మాట రాలేదు.

విచిత్రమేమంటే, రాతపరీక్షలో అందరికన్నా వెనుకబడింది ఆ యువ ఉస్తాద్ తరగతే. ఆయనను మార్చాలని ఆ మక్తబ్ కమిటీలో మాట వచ్చింది. మేము వెళ్లి ఆ పిల్లల్ని పిలిపించాము. వుజూలో ఫర్జులెన్ని అన్న ప్రశ్నకు ఖాళీ కాగితం ఇచ్చిన ఒక బాలికను అదే ప్రశ్న తెలుగులో అడిగాము. ముఖం, మోచేతులతో సహా చేతులు, తల మసహ్, చీలమండలతో సహా కాళ్లు – నాలుగూ వేళ్లమీద లెక్కపెట్టి చెప్పింది. పగలంతా తెలుగు బడిలో చదివే పిల్లలకు మేము ఉర్దూలో ప్రశ్నపత్రం ఇచ్చాము. తప్పింది పిల్లలు కాదు, ఉస్తాదూ కాదు, ఆ పత్రం తయారుచేసిన మేమే. మా తరగతి ఫలితాల కాగితాన్ని కూడా కమిటీ ముందు పెట్టాము. జేబులోనే ఉంచుకోవాలని ఒక క్షణం అనిపించిన మాట నిజం.

"ఉస్తాద్ పాఠాన్ని మరొకరు పరిశీలించడం ఆయనకు అవమానం కాదా, మౌలానా సాబ్?" అని ఒక పెద్దాయన అడిగారు. ప్రతి రమజాన్‌లోనూ దైవప్రవక్త (స) జిబ్రీల్ (అలైహిస్సలాం)తో కలిసి ఖుర్ఆన్‌ను పునశ్చరణ చేసేవారనీ, చివరి సంవత్సరం రెండుసార్లు చేశారనీ గుర్తుచేశాము. మరి మనమెంత?

అసలు లోపం ఇంకొకటుంది. మదరసాలో మాకు సర్ఫ్, నహూ, ఫిఖ్‌హ్, హదీసు ఎంతో శ్రద్ధగా బోధించారు. ఏడేళ్ల పిల్లవాడికి అక్షరమెలా నేర్పాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఈ విషయంలో కేరళ ముస్లింలు ముందున్నారు. 1951లో ఏర్పడిన సమస్త కేరళ ఇస్లాం మత విద్యాభ్యాస బోర్డు కింద నేడు పది వేలకు పైగా మదరసాలున్నాయి. 5, 7, 10 తరగతులకు ఉమ్మడి పబ్లిక్ పరీక్షలు జరుగుతాయి. ముఫత్తిష్‌లనే పర్యవేక్షకులు మదరసాలకు వెళ్లి బోధనను పరిశీలిస్తారు. ఉస్తాదులకు జమ్ఇయ్యతుల్ ముఅల్లిమీన్ పేరిట సొంత సంఘం ఉంది. పరీక్షతోపాటు ఉస్తాద్‌కు ఆసరా కూడా ఉండాలని వారు ఏనాడో గుర్తించారు.

మాకంత శక్తి లేదు. ఆ యువ ఉస్తాద్ మాత్రం కొనసాగుతున్నారు. ప్రశ్నలు ఇప్పుడు ఉర్దూ, తెలుగు రెండింటిలోనూ ఇస్తున్నాము. ఒక మక్తబ్ అలిగి తప్పుకుంది. మిగిలిన ఉస్తాదులం ప్రతి గురువారం జుహర్ తర్వాత కలిసి, ఒకరి పాఠం మరొకరం వింటున్నాము. పదంపై వేలు పెట్టి చదివించే పద్ధతిని మేము ఆ కుర్రవాడి దగ్గరే నేర్చుకున్నాము. తజ్వీద్‌లో ఆయన సందేహాలను మేము తీరుస్తున్నాము. ఆటో ఖర్చులు ఏ కమిటీ భరించాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.