కలుపు గింజ నిద్ర

మృగశిర కార్తెలో వాన పడింది. సిద్దిపేట దగ్గర ఒక పల్లెలో మక్కలు వేశారు. ఇరవై దినాలకు చేనంతా పచ్చబడ్డది. మక్క కన్నా కలుపే ఎక్కువ. అత్తా కోడలూ వంగి కలుపు తీస్తున్నారు.

"అత్తమ్మా! ఎండకాలం నేల నెర్రెలు బారింది. గడ్డిపోచ లేకుండె. ఇంత కలుపు యాడికెళ్లి వచ్చింది?" అని కోడలు అడిగింది.

"భూమిలనే ఉంటది బిడ్డా. నిద్రపోయి ఉంటది" అన్నది అత్త.

అత్త చెప్పింది నిజమే.

కలుపు గింజలు చాలావరకు రాలగానే మొలవవు. కొన్ని గింజల పొట్టు గట్టిగా ఉంటుంది. నీళ్లు లోపలికి పోవు. కొన్నింటి లోపల మొలక ఇంకా తయారు కాదు. దీన్నే గింజ నిద్ర అంటారు. అమెరికాలో 1879లో ఒక శాస్త్రవేత్త కలుపు గింజలను సీసాల్లో పెట్టి పాతిపెట్టాడు. 2021లో ఒక సీసా తీసి చూస్తే కొన్ని గింజలు మొలిచాయి. అంటే 142 ఏండ్ల తర్వాత!

మరి గింజను నిద్ర లేపేది ఏది? వేడి, చలి, తడి, వెలుతురు.

వానకాలపు కలుపు గింజల్లో చాలావాటికి ఎండకాలపు వేడే నిద్ర వదిలిస్తుంది. తర్వాత వాన పడితే మొలుస్తాయి. చక్రవర్తి కూర అట్లా కాదు. చల్లదనం కావాలి. అందుకే యాసంగిలో కనిపిస్తుంది. వయ్యారిభామ గింజకు చలైనా వేడైనా ఒకటే. తడి ఉంటే చాలు. అందుకే అది ఏడాదంతా మొలుస్తుంది.

ఎండకు గింజలు చావవా? చావవు. విత్తనాల జొన్నలను మనం ఎండబెట్టే దాచుకుంటాం కదా! ఎండిన గింజ వేడికి తట్టుకుంటుంది. నానిన గింజ తట్టుకోలేదు.

ఇది తెలిస్తే మన పని కొంత తగ్గుతుంది.

ఒకటి: దుక్కి చేసి, తొలి వానకు కలుపును మొలవనివ్వాలి. తర్వాత గుంటుక పైపైన తోలి, అప్పుడు విత్తాలి. లోతుగా దున్నితే కింద నిద్రపోయే గింజలు పైకి వస్తాయి. అయితే అదను దాటనివ్వవద్దు.

రెండు: నారుమడి, కూరగాయల మడి వంటి చిన్న జాగాలో ఏప్రిల్, మే నెలల్లో నేలను చదును చేసి తడపాలి. పైన పలుచని తెల్ల ప్లాస్టిక్ కాగితం పరవాలి. లోపలికి ఎండ కనబడేటట్టు ఉండాలి. అంచులను మట్టితో కప్పాలి. నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచాలి. తడిసిన గింజలు వేడికి చస్తాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన కేంద్రంలో 1980లలో కంది, శనగ చేలల్లో ఈ పద్ధతిని పరీక్షించారు. కానీ తుంగ గడ్డలు దీనికి అంత సులువుగా చావవు. వాటిని తవ్వి తీయాల్సిందే.

మూడు: గింజ పడకముందే కలుపు పీకాలి. ఒక్క వయ్యారిభామ మొక్క వేల గింజలు రాలుస్తుంది. దాన్ని పూత రాకముందే పీకాలి. ఒంటికి దురద పెడుతుంది. చేతులకు తొడుగులు వేసుకోవాలి.

మరి గునుగు? బతుకమ్మకు గునుగు పువ్వు కావాలె కదా! పువ్వు తెంపుకోండి. మిగిలినదాన్ని ముదరనివ్వకండి. రాలిన ప్రతి గింజా వచ్చే ఏడు మన నడుము మీదికే వస్తుంది.

ఆలోచించండి: మీ చేనులో వానకాలం ఏ కలుపు మొలుస్తుంది? యాసంగిలో ఏది మొలుస్తుంది? వాటి పేర్లు రాయండి.