ఎనిమిది అంకెల తాళం

ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని సదుం, సోమల, పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో కరెంటు స్తంభాల మీదుగా సన్నటి నల్లతీగ ఊరూరా సాగుతోంది. అది కిటికీ సందులోంచి ఇంట్లోకి దూరి, టీవీ పక్కనున్న రూటర్ పెట్టె దగ్గర ఆగుతుంది. పెట్టెకు రెండు మూడు యాంటెన్నాలు, ముందువైపు మినుకుమినుకుమనే దీపాలు. వెనకో పక్కనో గోరంత బటన్, దాని దగ్గర ఇంగ్లిషులో డబ్ల్యూపీఎస్ అని మూడక్షరాలు. కనెక్షన్ ఇచ్చే కుర్రాడు వైఫై పేరు, పాస్‌వర్డ్ చెప్పి వెళ్తాడు. ఆ బటన్ ఊసెత్తడు. చాలా ఇళ్లలో దాన్ని ఒక్కసారి కూడా నొక్కి ఉండరు. నొక్కకపోయినా దాని వెనకున్న ఏర్పాటు ఎన్నో పెట్టెల్లో రాత్రింబగళ్లు మేలుకునే ఉంటుంది. అదెందుకు పుట్టిందో, ఎక్కడ దెబ్బతిందో వైఫై ఉన్న ప్రతి ఇంటివాళ్లూ తెలుసుకోవాలి.

వైఫై తొలినాళ్లలో దానికి వేసిన తాళం పేరు వెప్. దాని తాళంచెవిని కొన్ని పరికరాల్లో ఇరవయ్యారు అంకెలూ అక్షరాలుగా కొట్టాల్సి వచ్చేది. ఒక్కటి తప్పినా మళ్లీ మొదటికే. అంత కష్టపడి వేసిన తాళాన్ని కూడా 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే ముగ్గురు పరిశోధకులు ఎలా విప్పొచ్చో లెక్కలతో చూపించారు. ఆ తర్వాత 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ-2 వచ్చాయి. తాళం గట్టిపడింది. కానీ దాన్ని వేసుకోవడమే మామూలు జనానికి పెద్ద పని కావడంతో, ఎన్నో ఇళ్లు వైఫైని తెరిచి వదిలేసేవి. ప్రింటర్ లాంటి వాటికైతే అక్షరాలు కొట్టడానికి సరైన కీబోర్డే ఉండదు.

ఈ ఇబ్బంది తీర్చడానికి జపాన్‌కు చెందిన బఫెలో కంపెనీ ఒక్క బటన్‌తో కలిపే పద్ధతి తెచ్చింది. అమెరికాకు చెందిన బ్రాడ్‌కామ్ తనదంటూ మరొకటి తెచ్చింది. ఎవరి పద్ధతి వాళ్ల పరికరాలకే పనికొచ్చేది. అందరికీ ఒకే పద్ధతి ఉండాలని కంపెనీల కూటమి వైఫై అలయన్స్ కూర్చుని రాసిన ప్రమాణమే వైఫై ప్రొటెక్టెడ్ సెటప్, అంటే డబ్ల్యూపీఎస్. 2007 జనవరి నుంచి దానికి ధ్రువీకరణ ఇవ్వడం మొదలైంది. దాన్ని రూపొందించినవాళ్ల ఉద్దేశం మంచిదే. సాంకేతికం తెలియని ఇంట్లో కూడా వైఫైకి తాళం పడాలన్నదే వాళ్ల తపన.

ఇందులో ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది బటన్. రూటర్ మీద ఒకసారి, కలపాల్సిన పరికరం మీద ఒకసారి నొక్కితే రెండూ మాట్లాడుకుని పాస్‌వర్డ్ ఇచ్చిపుచ్చుకుంటాయి. తలుపు రెండు నిమిషాలే తెరిచి ఉంటుంది. ఆ వ్యవధిలో రెండు పరికరాలు ఒకేసారి తలుపు తడితే, గందరగోళమని గ్రహించి రూటర్ ఎవరినీ రానివ్వదు. రెండోది పిన్. రూటర్ అడుగున అంటించిన స్టిక్కర్ మీద ఎనిమిది అంకెలుంటాయి, అవి చెప్పినవాళ్లకు లోపలికి దారి దొరుకుతుంది. ప్రమాదం రెండో దారిలో ఉంది. దానికి బటన్ నొక్కక్కర్లేదు, రెండు నిమిషాల గడువూ లేదు. ధ్రువీకరణ కావాలంటే రూటర్‌లో పిన్ పద్ధతి ఉండి తీరాలి కాబట్టి కంపెనీలన్నీ దాన్ని పెట్టాయి, చాలావరకు తెరిచిపెట్టి అమ్మాయి.

ఎనిమిది అంకెలంటే పది కోట్ల కలయికలు. వినడానికి భద్రంగానే ఉంది. కానీ చివరి అంకె స్వతంత్రమైనది కాదు, మొదటి ఏడింటిని సరిచూసే అంకె. కొన్ని రూటర్లలో కంపెనీ నుంచే వచ్చే 12345670 అనే పిన్‌నే చూడండి. మొదటి ఏడు అంకెలను వరసగా 3, 1, 3, 1, 3, 1, 3తో హెచ్చవేసి కూడితే 60 వస్తుంది. పదితో నిశ్శేషంగా పోయింది కాబట్టి ఎనిమిదో అంకె 0. అంటే ఊహించాల్సినవి ఏడే, పది కోట్లు కాస్తా కోటికి దిగాయి. ఇదింకా పెద్ద లోపం కాదు.

పెద్ద లోపం సరిచూసే తీరులో ఉంది. రూటర్ ఎనిమిది అంకెలనూ ఒక్కసారి చూడదు. ముందు నాలుగు చూస్తుంది. అవి తప్పయితే అక్కడే సంభాషణ తెంచేస్తుంది, ఒప్పయితే తర్వాతి భాగానికి వెళ్తుంది. నంబర్ తాళం తిప్పే దొంగకు సగం అంకెలు కుదరగానే టక్కుమని చప్పుడు వినిపించినట్టే. మొదటి నాలుగింటికి పది వేల ప్రయత్నాలు, మిగిలిన మూడింటికి వెయ్యి. ఆ రెండూ హెచ్చవేసుకోవాల్సినవి, ఇక్కడ కూడుకుంటే సరిపోతోంది. కోటి కాస్తా పదకొండు వేలయింది.

ఈ సంగతిని 2011 డిసెంబరులో ఆస్ట్రియాకు చెందిన స్టీఫన్ వీబ్యోక్ అనే యువ పరిశోధకుడు బయటపెట్టాడు. ఒక్కో ప్రయత్నానికి సెకను పైచిలుకు పడుతుందని, అన్నీ చూసినా దాదాపు నాలుగు గంటల్లో పని ముగుస్తుందని లెక్క తేల్చాడు. అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగం అదే నెలలో హెచ్చరిక జారీ చేసింది. క్రెయిగ్ హెఫ్నర్ అనే మరో నిపుణుడు ఇదే లోపాన్ని విడిగా కనిపెట్టి ఉన్నాడు. వీబ్యోక్ పత్రం రాగానే హెఫ్నర్ పనిచేసే సంస్థ రీవర్ అనే సాఫ్ట్‌వేర్‌ను అందరి ముందూ పెట్టింది. అప్పటిదాకా కాగితం మీది లెక్కగా ఉన్నది, ల్యాప్‌టాప్ ఉన్న ఎవరైనా వీధిలో కూర్చుని చేయగలిగే పనిగా మారిపోయింది.

ఇంకా కలవరపెట్టిన విషయం ఒకటుంది. ఆ రోజుల్లో లింక్‌సిస్ రూటర్లు కొన్నింటిలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి డబ్ల్యూపీఎస్ ఆపేసినా పిన్ దారి మూతపడేది కాదు. తెర మీద ఆగినట్టు కనిపించేది, లోపల నడుస్తూనే ఉండేది. కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ ఇచ్చేదాకా ఇంటివాళ్లు చేయగలిగింది లేకపోయింది. తర్వాత కంపెనీలు, కొన్ని తప్పుడు పిన్‌లు పడగానే కాసేపు తలుపు మూసే ఏర్పాటు చేశాయి. దాంతో దాడి నెమ్మదించింది, ఆగలేదు.

2014లో స్విట్జర్లాండ్‌కు చెందిన డొమినిక్ బొంగార్ ఈ కథను మరో మలుపు తిప్పాడు. పిన్ సరిచూసే ముందు రూటర్ రెండు రహస్య సంఖ్యలను యాదృచ్ఛికంగా ఎంచుకోవాలి. కొన్ని చిప్‌లలో ఆ యాదృచ్ఛికత బలహీనంగా ఉంది. కొన్నింటిలోనైతే ఆ సంఖ్యలు రెండూ సున్నాలే. అలాంటి రూటర్‌తో ఒక్కసారి మాట కలిపి, దొరికిన సమాచారాన్ని పక్కకు తెచ్చుకుని లెక్కవేస్తే పిన్ క్షణాల్లో బయటపడుతుంది. రూటర్‌ను పదేపదే తట్టక్కర్లేదు కాబట్టి తప్పుడు ప్రయత్నాలకు వేసిన గడియ ఇక్కడ అక్కరకు రాదు.

ఇదంతా ఎక్కడో విదేశాల మాట అనుకోవడానికి లేదు. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లకు ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిల్ నవీ ముంబైలో ఉంటున్న ఒక అమెరికన్ ఇంటి వైఫై నుంచి వెళ్లింది. ఆయన దగ్గర వైఫైకి తాళమే లేదు. పోలీసులు ముందు వెళ్లి నిలబడింది ఆయన గుమ్మంలోనే. కనెక్షన్ ఎవరి పేర ఉందో వాళ్లనే ముందు అడుగుతారు. 2009 ఫిబ్రవరిలో టెలికాం శాఖ వైఫై భద్రత మీద ఆదేశాలు ఇచ్చింది. ఆ ఈమెయిల్ కేసుకూ డబ్ల్యూపీఎస్‌కూ సంబంధం లేదు. కానీ పిన్ చిక్కిన రూటరూ, తాళం లేని రూటరూ బయటివాడికి ఒకటే.

మళ్లీ మన జిల్లాకొస్తే, కుప్పం ప్రాంతానికి ఇంటర్‌నెట్ కొత్తది కాదు. 2002లోనే హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి అక్కడ ఐ-కమ్యూనిటీ అనే ప్రయోగం మొదలుపెట్టింది. అప్పుడు జనం కేంద్రాలకు నడిచి వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను జాతికి అంకితం చేశారు. నెలకు 149 రూపాయలకు ఇంటర్‌నెట్, టీవీ, ఫోన్ మూడూ కలిపి ఇస్తామన్నారు. తీగను కరెంటు స్తంభాల మీదుగా తేవడంతో ఖర్చు తగ్గింది. అలా ఇంటర్‌నెట్ వీధి చివరి కేంద్రం నుంచి నట్టింటికి నడిచొచ్చింది. దాంతోపాటు దాన్ని కాపాడుకునే బాధ్యత కూడా ఇంటివాళ్ల మీదే పడింది, ఆ సంగతి వాళ్లకు చెప్పినవాళ్లు తక్కువ.

మదనపల్లె మండీలో టమోటా వ్యాపారి లెక్కలు, పుంగనూరులో ఇంటి నుంచే బెంగళూరు కంపెనీకి పనిచేసే అమ్మాయి ల్యాప్‌టాప్, కుప్పంలో దుకాణం గుమ్మం మీది సీసీ కెమెరా ఇప్పుడు ఇలాంటి పెట్టెల మీదే నడుస్తున్నాయి. వైఫైలోకి చొరబడ్డవాడు నెట్ వాడుకుని పోవడంతో ఆగనక్కర్లేదు. కెమెరాకు కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డే ఉంటే దాన్ని చూడగలడు. రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చకపోతే సెట్టింగ్స్ తిప్పి, ఇంటివాళ్లను నకిలీ వెబ్‌సైట్లకు మళ్లించే ప్రయత్నం చేయగలడు.

ఆపడానికి పట్టే పని కొంచెమే. ఇంటి వైఫైకి కలిసిన ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి 192.168.1.1 అని కొట్టాలి. కొన్ని పెట్టెలకు అది 192.168.0.1 అవుతుంది, స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. లోపల వైర్‌లెస్ లేదా డబ్ల్యూలాన్ అనే చోట డబ్ల్యూపీఎస్ దొరుకుతుంది. దాన్ని డిసేబుల్ చేసి సేవ్ చేయాలి. 2.4, 5 గిగాహెర్ట్జ్‌లకు విడివిడి పేజీలుంటే రెండుచోట్లా ఆపాలి. కొన్ని పెట్టెల్లో ఆ మెనూ కనెక్షన్ ఇచ్చినవాళ్ల చేతిలోనే ఉంటుంది. అప్పుడు వాళ్లకే ఫోన్ చేసి, డబ్ల్యూపీఎస్ ఆపమని గట్టిగా అడగాలి. నెలనెలా డబ్బు కడుతున్నవాళ్లు అడగదగ్గ మాటే అది.

నిజంగా ఆగిందో లేదో చూసుకోవడానికీ దారి ఉంది. వైఫై ఎనలైజర్ లాంటి ఆండ్రాయిడ్ యాప్‌లు కొన్ని చుట్టుపక్కలి ప్రతి వైఫై పేరు కింద దాని భద్రత వివరాలు చూపిస్తాయి. మన పేరు కింద డబ్ల్యూపీఎస్ అన్న అక్షరాలు ఇంకా కనిపిస్తుంటే పని పూర్తి కానట్టే.

ఆపేస్తే పోయేది పెద్దగా లేదు. ఐఫోన్లు ఈ పద్ధతిని మొదట్నుంచీ వాడలేదు. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి గూగుల్ కూడా తీసేసింది. ఇంటికొచ్చిన చుట్టాలకు వైఫై ఇవ్వాలంటే ఆండ్రాయిడ్ 10, ఆపై ఫోన్లలో క్యూఆర్ కోడ్ చూపిస్తే చాలు. పాత ప్రింటర్‌కు మాత్రం ఒకసారి ఓపిగ్గా పాస్‌వర్డ్ కొట్టాలి. వైఫై అలయన్స్ 2018లోనే క్యూఆర్‌తో కలిపే ఈజీ కనెక్ట్ అనే కొత్త ప్రమాణం కూడా తెచ్చింది. అందులో పిన్ ముక్కలు లేవు.

పాస్‌వర్డ్ కూడా మార్చాలనుకునేవాళ్లు వరస తప్పకూడదు. ముందు డబ్ల్యూపీఎస్ ఆపాలి, ఆ తర్వాతే పాస్‌వర్డ్ మార్చాలి. పిన్ ఒకసారి ఎవరికైనా చిక్కి ఉంటే, ఆ దారి తెరిచి ఉన్నన్నాళ్లూ ఎంత పొడవైన కొత్త పాస్‌వర్డ్ పెట్టినా రూటర్ దాన్ని ఆ పిన్ చెప్పినవాడికే అప్పజెబుతుంది. డబ్ల్యూపీఎస్ ఆగాక మార్చిన పాస్‌వర్డ్ మాత్రమే కొత్తది.