పెరటి జామ

జామచెట్టు ఏడాది పొడవునా కాయవలెనని మన యాశ. ఆ యాశయే పండు రుచిని చెరచును. ఫిబ్రవరి, మార్చి నెలల పూత వానకాలమునకు పండును. ఆ పండ్లు చప్పగా నుండుటయే గాక, పండు ఈగ చేరి లోపల పురుగులు పట్టును. తొలకరి పూత చలికాలమున పండి మధురముగా నుండును. అలహాబాదు సఫేదా యైనను, లక్నో-49 యైనను ఇంతే.

కావున వేసవిలో నున్న పూతను, పిందెలను దులిపివేయవలెను. పిల్లలున్న యింట నిది సులభము కాదు! ఏప్రిల్, మే నెలలలో నీరు పెట్టుట మానవలెను. ఆకులు కొన్ని రాలినను భయపడనక్కరలేదు. లేత మొక్కలకు మాత్రము ఈ యుపవాసము తగదు. జామ క్రొత్త చిగురునందే పూచును గనుక, మే నెలలో కొమ్మల కొనలు కత్తిరించుట మేలు. జూన్ నెలలో పాదు త్రవ్వి, మాగిన పశువుల యెరువు వేసి తడిపినచో చిగురుతో కూడ పూత వచ్చును. నవంబరు మొదలు సంక్రాంతి వరకు పండ్లు కోసికొనవచ్చును.