ఆంగ్లవాక్యమున చిన్న మాటల పొందిక

ఆంగ్ల నవలలో దివాలా తీసిన ఒక వర్తకుని గురించి 'హిజ్ ఫ్రెండ్స్ సా హిమ్ త్రూ' అను వాక్యము వచ్చినచో, కష్టము గడచువరకు మిత్రులు అతనిని విడువలేదని భావము. అందు రెండు మాటలు తారుమారై 'హిజ్ ఫ్రెండ్స్ సా త్రూ హిమ్' అయినచో, అతని కపటమును మిత్రులు కనిపెట్టిరని అర్థము. మాటలన్నియు అవియే. ఒక సర్వనామము ఒక్క అడుగు జరిగినంతనే, ఆదుకొన్నవారు గుట్టు తెలిసికొన్నవారైరి, అభాగ్యుడు వంచకుడయ్యెను. 'సీ' అనగా చూచుట, 'త్రూ' అనగా గుండా అని చిన్న నిఘంటువు చెప్పి ఊరకుండును. దానిని నమ్మిన అనువాదకుని చేతిలో పాత్రల శీలమే తలక్రిందులగుటకు అవకాశము కలదు.

అప్, డౌన్, ఆఫ్, ఆన్, త్రూ, ఓవర్ మొదలగునవి ఆంగ్లమున రెండు ఉద్యోగములు చేయును. ఒకప్పుడు తమ వెనుక వచ్చు నామమును పట్టుకొని, మన విభక్తి ప్రత్యయము చేయు పనిని చేయును; అప్పుడవి ప్రిపొజిషనులు. మరొకప్పుడు క్రియను అంటిపెట్టుకొని దాని అర్థమునే మార్చును, అప్పుడవి అడ్వర్బులు. 'ర్యాన్ అప్ ఎ హిల్' అనగా కొండమీదికి పరుగెత్తెను. 'ర్యాన్ అప్ ఎ బిల్' అనగా బాకీ పెంచుకొనెను. చూచుటకు రెండును ఒకే అచ్చున పోసినట్లుండును. నామమునకు బదులు 'ఇట్' అను సర్వనామమును పెట్టగానే భేదము బయటపడును: మొదటిది 'ర్యాన్ అప్ ఇట్', రెండవది 'ర్యాన్ ఇట్ అప్'. ప్రిపొజిషను తన సర్వనామమును ముందుకు పోనీయదు. అడ్వర్బు దానికి దారి యిచ్చి తాను వెనుకకు తప్పుకొనును. కనుకనే 'లుక్ ఎట్ ఇట్' అనగా దానిని చూడుమనియు, 'లుక్ ఇట్ అప్' అనగా దానిని నిఘంటువులో వెదకుమనియు అర్థము.

ఇందులకు కారణము చాలవరకు ఉచ్చారణలో ఉన్నది. సర్వనామము అప్పటికే తెలిసిన దానిని సూచించు మాట గనుక ఊనిక లేక పలుకబడును. ఆంగ్లవాక్యము తన బరువును చివరకు చేర్చుకొనగోరును. ఊనికతో పలుకు అడ్వర్బు ఆ చోటికి తగును గాని, తేలికయైన 'ఇట్' తగదు. నామమైనచో 'పుట్ ఆఫ్ ది మీటింగ్' అనియు 'పుట్ ది మీటింగ్ ఆఫ్' అనియు రెండు విధముల చెల్లును. సర్వనామమైనచో 'పుట్ ఇట్ ఆఫ్' అన్నదే వాడుక. 'ఆమెను కాదు, అతనిని' అని నొక్కి పలుకునప్పుడు సర్వనామము చివర నిలువగలదు, కాని అది అరుదు. 'పుట్ అప్ విత్ ఇట్' అనుచోట అడ్వర్బును ప్రిపొజిషనును రెండును కూడినవి. 'విత్' ప్రిపొజిషను గనుక 'ఇట్' దాని వెనుకనే ఉండును. సహించుట యను ఒక్క పనికి ఇంత పటాలము!

శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు పీఠికలోనే ఇట్టి కూర్పులు పరదేశీయులకు మిక్కిలి దుర్గమములని గుర్తించెను. 'ఫ్రేజల్ వర్బ్' అను పేరు 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ గ్రంథమున కనిపించును; దానిని తనకు సూచించినది హెన్రీ బ్రాడ్లీ యని ఆయనయే చెప్పెను. సంస్కృత వ్యాకరణ పరిచయము కలవారికి మాత్రము ఈ వింత అంత క్రొత్తది కాదు. 'హృ' ధాతువునకు ఉపసర్గ మారినకొలది ఆహారము, విహారము, సంహారము అగుట లేదా? ఉపసర్గ ధాతువునకు ముందు రావలెనని విధించిన పాణిని, వేదభాషలో అది తరువాతను రావచ్చుననియు, నడుమ ఇతర పదములు ఉండవచ్చుననియు వెంటనే రెండు సూత్రములు చేసెను. ఆ మీదట 'అను' వంటివి నామముతో సంబంధించి నిలిచినప్పుడు వానికి కర్మప్రవచనీయములని వేరు పేరు పెట్టెను. ఆంగ్ల వ్యాకర్తలు తంటాలు పడిన భేదమునకు దగ్గరి భేదమొకటి ఇచ్చట ఏనాడో పేరు పొందినది.

అయినను తెలుగు చేయునప్పుడు ఉపసర్గ అంతగా అక్కరకు రాదు. తెలుగున ఆ పనిని ఎక్కువగా చేయునవి క్రియ వెనుక చేరు వేయు, పోవు, కొను, పెట్టు మొదలగు సహాయక్రియలు. 'ఈట్ ఇట్ అప్' అన్నచోట 'అప్' అనగా పైకి కాదు, మిగులకుండ అని. అది 'తినివేయుము' అనుటలోని 'వేయు'. 'గివ్ ఇట్ అవే' అనగా ఇచ్చివేయుము. బొత్తాము విషయమున 'ఇట్ కేమ్ ఆఫ్' అనగా ఊడిపోయినది. 'ఇట్' అను మాటకు ప్రతిచోట 'దానిని' అని వ్రాయనక్కరలేదు; తెలుగువాక్యము చెప్పకయే దానిని తెలుపగలదు. 'రైట్ ఇట్ డౌన్' అనునది మరింత ఆలోచింపదగినది. వ్రాయువాడు తనకొరకే వ్రాయునెడల 'వ్రాసికొనుము' అనవలెను, పరులకొరకైనచో 'వ్రాసిపెట్టుము' అనవలెను. ఈ భేదము 'డౌన్' అను మాటలో లేదు, సందర్భమున వెదకవలెను. 'రైట్ ఇట్ డౌన్ ఫర్ మి' అని ఉన్నచో ఆ 'ఫర్ మి' మొత్తము 'పెట్టు'లో ఇమిడిపోవును. 'నాకొరకు దానిని క్రింద వ్రాయుము' అన్నది మాటకు మాట సరిపోయినను ఏ తెలుగింటను వినబడని వాక్యము. ఇక 'సా హిమ్ త్రూ' అనగా గట్టెక్కించిరి, 'సా త్రూ హిమ్' అనగా అతని గుట్టు పసిగట్టిరి. రెంటిలోను చూచుట లేదు, గుండా లేదు.

ఒక్కొక్కచోట తెలుగుదే పైచేయి. 'హియర్ కమ్స్ ది బస్' అని నామమును క్రియ వెనుక నిలుపు ఆంగ్లము, సర్వనామము రాగానే 'హియర్ హి కమ్స్' అని దానిని ముందుకు తెచ్చును. తెలుగున 'అడుగో' అన్న ఒక్క మాట చాలును. సర్వనామము, చోటు చూపు మాట, రెండును దానియందే ఉన్నవి. పురుషుడు కానిచో 'అదిగో' అని అది లింగమును సైతము తెలుపును.

తెలుగునుండి ఆంగ్లమునకు పోవువారి ఇబ్బంది మరొక తీరుది. 'గురించి చర్చించు' అను వాడుక నాలుకపై నుండుటచే 'డిస్కస్' వెనుక 'అబౌట్' వచ్చి చేరును. ఆంగ్లమున ఆ క్రియ కర్మను నేరుగా గ్రహించును. 'కోప్ విత్' అనవలసినచోట 'కోప్ అప్ విత్' అనుట ఈ దేశమున తరచు వినబడును. ఆ 'అప్' బహుశః 'పుట్ అప్ విత్', 'కీప్ అప్ విత్' అనువాని సావాసమున వచ్చినది కావచ్చును.