ఆదిత్య 999 కోసం మా ఇంటి ఎదురుచూపులు

మాది తెనాలి. పెళ్ళయ్యాక దోహా వచ్చి పన్నెండేళ్ళు దాటింది. ఉండేది పాత నగరంలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో. ఫరీజ్ అంటే ఇక్కడి అరబ్బీలో పేట అని అర్థం. శుక్రవారం ఉదయం మా పేట నిశ్శబ్దంగా ఉంటుంది. జుమ్మా నమాజు అయ్యేదాకా దుకాణాలు తెరవరు, మా వారు నిద్ర లేవరు. మా నాన్న ఫోన్ చేసేది సరిగ్గా అప్పుడే. ఖతర్ గడియారం మన దేశం కన్నా రెండున్నర గంటలు వెనక. మాకు ఎనిమిది అయ్యేసరికి ఆయన స్నానం, టిఫిన్, పేపరు అన్నీ ముగించుకుని తీరిగ్గా కూర్చుంటారు.

"అమ్మలూ, ఈసారి ఖాయంగా వస్తోందట!"

ఏది వస్తోందని నేను అడగను. మా ఇంట్లో "వస్తోందట" అంటే ఒక్కటే అర్థం, ఆదిత్య 369 రెండో భాగం.

ఈ మాట నేను ఎన్నేళ్ళుగా వింటున్నానో లెక్క లేదు. బాలకృష్ణ గారు ఏ వేదిక మీద చెప్పినా, ఏ ఇంటర్వ్యూలో ఎవరు అడిగినా ఆ వార్త ముందు మా నాన్న ఫోన్లోకి, అక్కణ్ణుంచి నా ఫోన్లోకి వచ్చేస్తుంది. పేరు కూడా ఎప్పుడో ఖాయమైంది, 'ఆదిత్య 999 మ్యాక్స్'. 2024 డిసెంబరులో 'అన్‌స్టాపబుల్' కార్యక్రమంలో బాలకృష్ణ గారు మళ్ళీ ఆ పాత సినిమా వేషంలో కనిపించి, తన కొడుకు మోక్షజ్ఞ ఇందులో ఉంటాడని చెప్పినప్పుడైతే నాన్న రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేశారు. ఆ వేళప్పుడు ఊరి నుంచి ఫోన్ వస్తే మనకు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. గుండె గొంతులోకి వచ్చింది. తీస్తే సంగతి ఇదీ!

తెలియని పిల్లల కోసం కాస్త చెబుతాను. ఆదిత్య 369 విడుదలైంది 1991 జూలై 18న. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు, నిర్మాత శివలెంక కృష్ణప్రసాద్, సమర్పణ ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, సంగీతం ఇళయరాజా, మాటలు జంధ్యాల. ప్రొఫెసర్ రామదాసు ఒక కాలయంత్రం తయారు చేస్తాడు. హీరో కృష్ణకుమార్, ప్రొఫెసర్ గారి కూతురు హేమ, ఒక కానిస్టేబులు అందులో చిక్కుకుని 1526 నాటి విజయనగరంలో తేలతారు. అక్కడ కృష్ణదేవరాయలు కూడా బాలకృష్ణే. తెనాలి రామకృష్ణుడిగా చంద్రమోహన్. మా ఊరి వాళ్ళకు ఆ పాత్ర మీద ప్రత్యేకమైన హక్కు ఉందని నాన్న నమ్మకం. అక్కణ్ణుంచి 2504కి వెళితే భూమి రేడియేషన్‌తో పాడైపోయి, మనుషులు నేల కింద బతుకుతుంటారు.

సింగీతం గారు కాలేజీ రోజుల్లో చదివిన హెచ్.జి. వెల్స్ నవల 'ది టైమ్ మెషీన్' ఈ కథకు విత్తనం. ఆ నవల వచ్చింది 1895లో. ఒకసారి విమాన ప్రయాణంలో ఈ ఆలోచనను బాలు గారికి చెబితే, ఆయన కృష్ణప్రసాద్ గారికి చెప్పి సినిమా తీయమన్నారట. పి.సి. శ్రీరామ్, వి.ఎస్.ఆర్. స్వామి, కబీర్‌లాల్ ముగ్గురూ కెమెరా పని చేశారు. కంప్యూటర్ గ్రాఫిక్స్ మన దాకా ఇంకా రాని రోజులు. అప్పుడు అంత ధైర్యం చేశారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

సినిమా విడుదలైనప్పుడు నాకు తొమ్మిది నెలలు. "మొదటి వారమే నిన్ను భుజాన వేసుకుని తీసుకెళ్ళాను, యంత్రం తిరుగుతుంటే ఏడుపు ఆపేశావు" అంటారు నాన్న. అమ్మ మాత్రం "ఆపలేదు, నేను సగం సినిమా బయట వరండాలోనే చూశాను" అంటుంది. ఏది నిజమో ఆ యంత్రం ఎక్కి వెళ్ళి చూస్తే తప్ప తేలదు. నాకు గుర్తున్నది మాత్రం తర్వాత టీవీలో చూసిన సినిమా. నాన్నది రేడియో, టీవీ రిపేరు షాపు. బాగుచేసిన టీవీలు వరసగా పెట్టి ఉండేవి. ఒక ఆదివారం నాలుగు టీవీల్లోనూ ఒకేసారి ఆదిత్య 369. ఒకదాంట్లో రంగులు పచ్చగా, ఒకదాంట్లో బొమ్మ వణుకుతూ. ఒక ప్రొఫెసర్ తెలుగులో మాట్లాడుతూ, తెలుగు ఇంట్లో యంత్రం తయారు చేయడం చూసి, ఇది మన షాపులో కూడా చేయొచ్చేమో అనుకున్నాను. నాన్న నవ్వలేదు. సోల్డరింగ్ ఐరన్ చేతికిచ్చి, లెడ్ ఎలా కరిగించాలో చూపించారు. నేను ఎం.పి.సి. తీసుకుని బి.ఎస్సీ. దాకా చదవడానికి మొదలు అక్కడే.

ఇక అసలు సంగతికి వస్తాను. 2025 ఏప్రిల్ 4న ఆదిత్య 369ని 4కె చేసి మళ్ళీ థియేటర్లలో వేశారు. నాన్న గుంటూరు వెళ్ళి మరీ చూశారు. అంతకు రెండు నెలల ముందే ఆయనకు శుక్లాల ఆపరేషన్ అయింది. ఇంటర్వెల్‌లో ఫోన్ చేసి, "రాయల వారి కిరీటంలో రాళ్ళు లెక్కపెట్టొచ్చు అమ్మలూ" అన్నారు. ఆ ఊపులో మేము కూడా ఇంట్లో టీవీలో సినిమా పెట్టుకున్నాం. మా పాపకు తొమ్మిదేళ్ళు. మొదటి గంట ఫోన్ అడగలేదు. అదే నాకు పెద్ద విజయం. 2504లో జనం నేల కింద బతకడం చూసి, "జూలైలో మనలాగే!" అంది. నలభై అయిదు డిగ్రీల ఎండలో ఏసీ గది దాటని మన గల్ఫ్ పిల్లలకు అందులో వింతేమీ కనిపించలేదు.

సినిమా అయ్యాక నన్ను అడిగింది, "హేమ వాళ్ళ నాన్న సైంటిస్టు కదా, తనకెందుకు నేర్పలేదు?"

ముప్పై నాలుగేళ్ళుగా ఈ సినిమాను ప్రేమిస్తున్న ఇంట్లో ఈ ప్రశ్న ఎవరికీ రాలేదు. నాకూ రాలేదు! యంత్రం తయారైన ఇంట్లోనే పెరిగిన పిల్ల. ఆమె చేతిలో ఒక్క స్క్రూడ్రైవర్ కూడా పెట్టలేదు. పాటల్లో అందంగా ఉంటుంది, ఆపదలో హీరో పక్కన ఉంటుంది, అంతే. అప్పటి సినిమాలు అలాగే ఉండేవి, పాప, అన్నాను. అది ఊరుకుంటుందా?

"తాతయ్య నీకు నేర్పించారు కదా. మరి నువ్వెందుకు మానేశావు?"

వీసా, డిగ్రీ అటెస్టేషన్, అది పుట్టడం, తర్వాత మళ్ళీ చూద్దాంలే అనుకోవడం, అన్నీ ఒకదాని వెనక ఒకటి నోటిదాకా వచ్చాయి. అబద్ధం ఒక్కటీ లేదు. కానీ తొమ్మిదేళ్ళ పిల్లకు చెప్పబోతే ఒక్కటీ సరిపోలేదు. "అన్నం తిందువుగాని, పద" అన్నాను. మనందరికీ తెలిసిన జవాబే.

ఆ తర్వాత నుంచి నాన్న "వస్తోందట" అన్నప్పుడల్లా నేను ఇంకోలా వింటున్నాను. ఏళ్ళు గడిచాక వచ్చే రెండో భాగాలు ప్రపంచంలో కొత్త కాదు. 1982 నాటి 'బ్లేడ్ రన్నర్'కి కొనసాగింపు 2017లో వచ్చింది, ముప్పై అయిదేళ్ళకు. మెచ్చుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు, డబ్బులు మాత్రం అనుకున్నంత రాలేదు. 'బ్యాక్ టు ద ఫ్యూచర్' తీసినవాళ్ళు మూడు భాగాలతో సరిపెట్టి నాలుగోది తీయం అని ఖరాఖండిగా చెప్పేశారు. అదీ ఒక మర్యాదే. మన దగ్గర కాలప్రయాణం ఇప్పుడు అరుదేమీ కాదు. 2022లో 'ఒకే ఒక జీవితం'లో శర్వానంద్ చనిపోయిన అమ్మను చూడటానికి వెనక్కి వెళతాడు. ఆ సినిమా మొదటిసారి చూసినప్పుడు అమ్మకు ఫోన్ చేయకుండా ఉండలేకపోయాను. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ' సంగతి అందరికీ తెలిసిందే. దానికీ రెండో భాగం కోసం చూస్తున్నాం.

మరి ఆదిత్య 999 నుంచి నాకేం కావాలి? గ్రాఫిక్స్ ఎలాగూ ఉంటాయి. తండ్రి తర్వాత కొడుకు యంత్రం ఎక్కుతాడు, అభిమానులు విజిల్స్ వేస్తారు, నాన్న కూడా వేస్తారు, వేయనివ్వండి. నాకు మాత్రం యంత్రం నడిపే మనిషి హేమ కూతురై ఉండాలని ఉంది. తాత నోటు పుస్తకాలు చదివి, మొదటి యంత్రంలో లోపం ఎక్కడుందో కనిపెట్టే పిల్ల. ఇది నాన్నతో అంటే కొంచెంసేపు మాట్లాడలేదు. "బాలయ్య సినిమాలో అలా కుదరదు అమ్మలూ" అన్నారు చివరికి. మళ్ళీ ఆయనే, "హేమ పక్కన కూర్చుని వైరింగ్ చేసినా సినిమాకి నష్టమేం లేదులే" అన్నారు. అభిమాని నోట ఆ మాత్రం రావడమే గొప్ప.

సైన్సు సంగతి కూడా ఒకటి ఉంది, చదువుకున్న పాపానికి చెప్పాలి. వెనక్కి వెళ్ళడం ఎవరివల్లా కాలేదు గానీ, కాలం అందరికీ ఒకేలా నడవదన్నది కథ కాదు. జీపీఎస్ ఉపగ్రహాల్లోని గడియారాలు నేల మీది గడియారాల కంటే రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. అంత ఎత్తున భూమి ఆకర్షణ తక్కువ కాబట్టి 45 ముందుకు, వేగంగా తిరుగుతాయి కాబట్టి 7 వెనక్కి. ఐన్‌స్టీన్ చెప్పిన ఈ లెక్కను ముందే సరిచేసి పంపకపోతే ఒక్క రోజులో దారి పది కిలోమీటర్లు తప్పుతుంది. మా వారు దోహా రోడ్ల మీద ఫోన్ చెప్పినట్టు తిప్పే ప్రతి మలుపులోనూ ఈ లెక్క ఉంది. ఇది చెబితే పాప ఒక్క క్షణం ఆలోచించి, "అయితే తాతయ్య రెండున్నర గంటలు ముందున్నారు కదా, అది ఐన్‌స్టీన్ వల్లేనా?" అంది. కాదు తల్లీ, అది సూర్యుడి వల్ల అని చెప్పడానికి నారింజపండు, టార్చిలైటు తీయాల్సి వచ్చింది.

సింగీతం గారు పుట్టింది 1931లో. తొంభై దాటాక కూడా కొత్త సినిమాల గురించి మాట్లాడే మనిషి. మా నాన్నకు డెబ్బై ఒకటి. "రెండు కళ్ళూ కొత్తవి వేయించుకున్నాను, ఇంకో పదేళ్ళు ఆగగలను" అంటారు. ఆయన నవ్వుతూనే అంటారు, నాకు మాత్రం నవ్వు రాదు. రెండో భాగం మొదటి ఆటకు ఇద్దరం పక్కపక్కన కూర్చోవాలన్నది మా ఒప్పందం. అందుకని ప్రతి ఏడాదీ సెలవులకు టికెట్లు తీసేటప్పుడు, ఈ ఏడైనా ఆ తేదీ చెబుతారేమోనని వెతుకుతాను.

పోయిన నెల మా వీధి చివర ఎలక్ట్రికల్ సామాను దుకాణంలో ఒక సోల్డరింగ్ ఐరన్ కొన్నాను. చిన్న ఎఫ్ఎం రేడియో కిట్టు ఆన్‌లైన్‌లో తెప్పించాను. శుక్రవారం ఉదయం వీడియో కాల్ పెట్టి, ఫోన్‌ని పంచదార డబ్బాకి ఆనించాం. అటు నాన్న కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నారు. నా చెయ్యి వణికింది, మొదటి అతుకు ముద్దగా వచ్చింది. "ముందు తీగని వేడి చెయ్యి, లెడ్ దానంతటదే పాకుతుంది, మర్చిపోయావా?" అన్నారు. రెండోది పాప పెట్టింది. అది నాదానికంటే బాగుంది.

నాలుగు వారాలైంది. రేడియో ఇంకా గరగరమంటోందే తప్ప ఏ స్టేషనూ పట్టలేదు. నాన్న కెపాసిటర్ తిరగేసి పెట్టామంటారు, పాప ఒప్పుకోదు. ఈ శుక్రవారం ఆయన మామూలుగానే ఎనిమిదింటికి ఫోన్ చేశారు. "అమ్మలూ, వస్తోందట" అనబోయి, ఆగి, "పాపని పిలువు, ఆ కెపాసిటర్ ఒకసారి చూపించమను" అన్నారు.