బడిపిల్లలును భూసార పత్రమును

రైతు సోదరులారా, మీలో పెక్కుమంది యిండ్లలో భూసార పత్రము కలదు. కేంద్ర ప్రభుత్వము 2015వ సంవత్సరము ఫిబ్రవరిలో ఈ పథకమును ప్రారంభించినది. మట్టికి సంబంధించిన 12 అంశములు అందు వ్రాయబడి యుండును. అయినను అది చాల యిండ్లలో పాసుపుస్తకములతోపాటు పెట్టె యడుగున పడియుండుటయే మేము చూచుచున్నాము. చదువుకొన్నవారును అందలి అంకెల యర్థము తెలియక ప్రక్కన బెట్టుచున్నారు. ఈ కొఱతను బడిపిల్లలు ఎట్లు తీర్చిరో మేము కన్నులార చూచితిమి గాన ఇచట వ్రాయుచున్నాము.

గడచిన మాఘమాసమున మేము ఒక గ్రామమునకు పోయి, అచటి పాఠశాలలో కొంతసేపు కూర్చుంటిమి. ఏడవ తరగతివారికి ఆమ్లములు, క్షారములు అను పాఠము జరుగుచుండెను. మా చిన్ననాట ఈ పాఠమునకు ఉపాధ్యాయులు బీరువాలోని లిట్మస్ కాగితము నొకదానిని దూరమునుండి చూపి, మరల తాళము వేసెడివారు. ఇచట ఉపాధ్యాయిని పసుపు పూసిన కాగితములను పిల్లల చేతికే యిచ్చిరి. సున్నపు తేటలో ముంచగనే కాగితము ఎఱ్ఱనయ్యెను. నిమ్మరసము పడగా మరల పచ్చనయ్యెను. “ఇది మా అమ్మ కలుపు పారాణియే గదా, టీచరుగారూ!” అని యొక బాలిక పలికెను.

పిమ్మట ఆమె కంప్యూటరు తెరపై ఒక పాత్రను చూపిరి. అందు పాలు, కాఫీ, నారింజరసము, సబ్బు, ఏది పోసినను దాని ఉదజని సూచిక కనబడును. నీరు కలుపుకొలది అంకె మాఱును. ఇది నోబెల్ బహుమానము పొందిన కార్ల్ వైమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమున ప్రారంభించిన ‘ఫెట్’ వారి సాధనము. దీనికి వెల లేదు. ఒకమారు దింపుకొన్నచో ఇంటర్నెట్టు లేకున్నను పనిచేయును. ఆ యూర నాడు సిగ్నలు లేదు. ఆమె ముందే మండల కేంద్రమున దింపి తెచ్చుకొనుటచే పాఠము ఆగలేదు.

సూచిక 7 అయినచో తటస్థము. తగ్గిన ఆమ్లము, పెరిగిన క్షారము. ఒక్కొక్క అంకెకు పదింతల భేదము. 7 నుండి 9కి పోవుట యనగా నూఱింతలు మాఱుట.

మరునాడు పిల్లలు తమ యిండ్లలోని భూసార పత్రములను తెచ్చిరి. పారాణి మాట పలికిన బాలిక పత్రమున 8.9 అని యుండెను. ఆ సాయంకాలము ఆమె తండ్రి మాయొద్దకు వచ్చి, “అయ్యా, మూడేండ్లుగా ఆ మడిలో వరి ఎదుగక ఎరువు మీద ఎరువు వేయుచున్నాను. లోపము ఎరువులో లేదు, నేలలో ఉన్నదని నా బిడ్డ చెప్పుచున్నది. నిజమేనా అండీ?” అని యడిగెను. పోయి చూడగా అది కారుచౌడు. జిప్సము ఎంత కావలయునో మట్టి పరీక్షచే తేల్చుకొని వేయుమనియు, నీరు నిలగట్టి మురుగు తీసివేయుమనియు, పిమ్మట జీలుగ చల్లి కలియదున్నుమనియు చెప్పితిమి. ఆ పత్రము మూడేండ్లు ఆ యింట నుండగా, దాని యర్థమును ముందే విప్పి చెప్పకపోవుట మా లోపమేయని ఒప్పుకొనుచున్నాము.

ఇట్టి ఉచిత సాధనములు మఱికొన్ని కలవు. 2017లో ప్రారంభమైన ‘దీక్ష’లోని పాఠములను, పాఠ్యపుస్తకమున అచ్చయిన క్యూఆర్ గుర్తును ఫోనుతో చూచి తెఱువవచ్చును. ఇస్రోవారి ‘భువన్’లో మన చెఱువును ఉపగ్రహము కన్నుతో చూడవచ్చును. తెలుగు వికీపీడియా 2003 నుండి నడచుచున్నది; అందు ఎవరైనను వ్రాయవచ్చును గాన మఱియొకచోట సరిచూచుకొనవలెను. ఉచితముగా వచ్చిన విత్తనమునైనను మొలక కట్టి చూడక చల్లము గదా!

సాధనము ఉచితమే, దానిని చేరు మార్గము ఉచితము గాదు. పెక్కిండ్ల ఒక్కటే ఫోను. అదియు ఉదయమే తండ్రితో పొలమునకు పోవును. 2022లో కేంద్ర ప్రభుత్వము దాదాపు 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములకు కంప్యూటర్ల ఏర్పాటును ఆమోదించినది. కంప్యూటరు వచ్చిన సంఘములవారు వారమున కొక సాయంకాలము దానిని ఉపాధ్యాయుల కిచ్చినచో, పాఠములు దింపి పెన్‌డ్రైవులో బడికి తీసికొనిపోగలరు. సభ్యులు వచ్చు సమావేశమున ఈ విషయమును చర్చింతురు గాక. ఈలోగా ఈ రాత్రియే పెట్టె తెఱచి ఆ పత్రమును మీ పిల్లల చేతికిచ్చి చదివింపుడు.