తల్లికీ కూతురికీ ఒకే గడియారమా?

నలభై దాటిన ఆడవారికి పోటీ ఈత ఎందుకన్న మాటకు అమెరికా ఈతగత్తె డారా టోరెస్ జవాబిచ్చారు. 1984లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో 17వ ఏట రిలే స్వర్ణం పొందిన ఆమె, 2008లో బీజింగ్‌లో 41వ ఏట, రెండేళ్ల బిడ్డ తల్లిగా మూడు రజతాలు సాధించారు. అందుకు ఆమె పట్టిన దారి: వయసులో ఉన్నప్పటికంటే తక్కువ ఈత, ఎక్కువ విశ్రాంతి.

కొంత దూరం వేగంగా ఈది, కాసేపు ఆగి, మళ్లీ ఈదడమే విరామ శిక్షణ. ఈడేరని బాలికలకు కొద్ది విరామంతోనే ఆయాసం తీరుతుంది. వయసు పెరిగేకొద్దీ గుండె గరిష్ఠ వేగం తగ్గుతుంది, కండరాలు తేరుకోవడానికి వ్యవధి కావాలి. అయినా సాధన చేస్తే ఆ వయసులోనూ దమ్ము పెరుగుతుంది.

కనుక శిక్షకులు తల్లికి విరామం పెంచాలే తప్ప, ఆమెను గట్టున కూర్చోబెట్టనక్కర లేదు.